లీటరుకి ఎంత దూరం

"కొత్త బండి నువ్వే చూసుకో. ఎలాగూ నడిపేది నువ్వేగా," అన్నారు మా ఆయన, నేను పొద్దున్నే పాత కారు అద్దం తుడుస్తుంటే.

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. పెళ్ళయ్యాక ఈ ఇంట్లోకి వచ్చిన వస్తువుల్లో నన్నే చూసుకోమన్నవి గిన్నెలు తోమే పీచు, గుమ్మం దగ్గర పట్టా, అంతే. ఫ్రిజ్జు బావగారు ఫోన్లో చెప్పింది. సోఫా అత్తయ్య నడుముకి నప్పింది. కర్టెన్ల రంగు కూడా ఈయన ఆఫీసులో ఎవరింట్లోనో చూసొచ్చిందే. పీచు నుంచి కారు దాకా వచ్చానంటే చిన్న ప్రమోషన్ కాదు. గుండె కొంచెం పొంగింది. ఆ పొంగు తగ్గేలోపే గేటు దాటుతూ వెనక్కి తిరిగి, "మైలేజీ మాత్రం బాగా చూడు," అన్నారు. నన్ను చూసుకోమన్నది రంగు మాత్రమేనని అప్పుడర్థమైంది.

మా ఇంట్లో మైలేజీకి ఉన్న మర్యాద అల్లుడికి కూడా ఉండదు. పక్కింటాయన ముచ్చటపడి కొత్త కారు తెచ్చుకుని అందర్నీ పిలిచి చూపిస్తే, తలా ఒక మంచి మాట అన్నారు. ఈయన మాత్రం వంగి లోపలికి చూసి, "లీటరుకి ఎంతిస్తోంది?" అన్నారు. పాపం, ఆయన ముఖం అక్కడికక్కడే వాడిపోయింది. కారు విషయమైతే పోనీ. ఒకసారి ఇంటికొచ్చిన చుట్టాలతో అత్తయ్య నన్ను మెచ్చుకుంటూ, "మా కోడలు అరగ్లాసు కాఫీతో మధ్యాహ్నం దాకా లాగించేస్తుంది," అంటే, ఈయన వెంటనే, "మంచి మైలేజీ!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఖాళీ గ్లాసులు ట్రేలో సర్దుకుని వంటింట్లోకి నడిచాను. సింకు దగ్గర నిలబడ్డాక ఆ నవ్వు ముఖం మీద ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అసలు సంగతేమిటంటే మైలేజీ ఇచ్చేది బండి కాదు. ఆ పాత కారుతో ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, నాకు తెలుసు. ఎర్ర లైటు దూరం నుంచి కనపడగానే నేను యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తాను, బండి దానంతటదే నెమ్మదించి లైటు దగ్గరికి చేరేలోపు పచ్చ పడుతుంది. ఎత్తు రాబోతుంటే ముందే కొంచెం వేగం అందుకుంటాను. పక్కన ఎవరూ లేకపోతే ఏసీ వేయను. టైర్లలో గాలి నేనే చూపించుకుంటాను. కాలేజీలో చదివిన ఫిజిక్సు నాకు ఉద్యోగం ఇవ్వలేదు గానీ, ఇలా పెట్రోలుకి పనికొచ్చింది. నాకు జ్వరమొచ్చి మంచం పట్టిన వారం ఈయన నడిపారు. నడపడమంటే నొక్కడం, తొక్కడం, తిట్టడం. వారాంతానికి మైలేజీ దభాలున పడిపోయింది. "ఆ బంకులో కల్తీ చేస్తున్నారు," అని కోపంగా బంకు మార్చేశారు. తర్వాతి వారం నేను లేచి నడిపాను, మైలేజీ లేచి కూర్చుంది. "చూశావా, కొత్త బంకు!" అన్నారు. ఇప్పటికీ ఆ కొత్త బంకుకే పోతున్నాం. అది మాకు దూరం కూడాను.

ఈయన ఆఫీసుకి ఆఫీసు బస్సులోనే వెళ్తారు. కారు నాది. నాది అంటే, దానితో చేసే పనులు నావి. పిల్లని స్కూల్లో దింపడం, అత్తయ్యని మోకాళ్ళ ఎక్సర్‌సైజులకి తీసుకెళ్ళడం, సరుకులు, కరెంటాఫీసు, బ్యాంకు. వీటి మధ్యలో ఫోను. "ఏమోయ్, బయటే ఉన్నావా?" అని మొదలవుతుంది. ఉన్నానన్నా, లేనన్నా రెండో వాక్యం ఒకటే: "కళ్ళజోడు మర్చిపోయాను, కాస్త తెచ్చిపెట్టవూ?" ఊరికి ఈ చివర ఇల్లు, ఆ చివర ఆఫీసు.

శనివారం నలుగురం షోరూంకి వెళ్ళాం. ముందుగా ఈయన మనసు పడ్డ బూడిదరంగు ఫ్యామిలీ కారు. షోరూం అమ్మాయి పక్కన కూర్చుంది, నేను నడిపాను, మిగతా ముగ్గురూ వెనక. ఆ కారులో ఒక చిత్రముంది. పెట్రోలు పొదుపుగా నడిపితే స్పీడు చూపించే చోట చిన్న పచ్చటి ఆకు వెలుగుతుంది. నేను కదిలించిన దగ్గర్నుంచీ ఆకు ఆరలేదు.

"మేడమ్, ఎవరికీ ఇంతసేపు ఉండదు!" అంది ఆ అమ్మాయి.

"బండి అలాంటిది మరి," అన్నారు ఈయన వెనకనుంచి, తనే తయారుచేసినంత గర్వంగా.

తిరుగు దారిలో ఈయన నడిపారు. ఆకు ఒక్కసారి కూడా మొలవలేదు.

"నాన్నా, నీకు ఆకు రావట్లేదేంటి?" అని అడిగింది మా పిడుగు. దానికి పన్నెండేళ్ళు, ఇంట్లో అందరూ అలాగే పిలుస్తాం.

"ఈ రోడ్డు గతుకులుగా ఉంది."

"ఇందాక అమ్మ వచ్చిందీ ఈ రోడ్డేగా?"

"నువ్వు కాసేపు కిటికీలోంచి చూడు."

మంచి కారే అది. వంకపెట్టడానికి లేదు. సామాన్లకి వెనక బోలెడు చోటు. కానీ దిగి తలుపు వేస్తుంటే ఫ్రిజ్జు తలుపు వేసినట్టే అనిపించింది. అప్పుడే చూశాను, షోరూం మూలన, నిమ్మపండు రంగులో, చిన్న కారు. రెండే తలుపులు. పైకప్పు గుడ్డది, మడిచేస్తే నెత్తిన ఆకాశమే. నా కాళ్ళు నన్నడక్కుండానే అటు నడిచాయి.

"అది వయసు పిల్లలకి," అన్నారు ఈయన.

"నడిపి చూడ్డానికి వయసు అడగరు సార్," అని ఆ అమ్మాయి తాళం నా చేతిలో పెట్టింది. తనూ పిల్లా కూడా ఎక్కితే చోటు చాలదని, పిల్లతో తను షోరూంలోనే ఉండిపోయింది.

వెనక సీట్లోకి వెళ్ళాలంటే ముందు సీటు వంచి నడుం వంచి దూరాలి. అత్తయ్య మోకాళ్ళు ఒప్పుకోవు. ఆవిడ ముందు కూర్చున్నారు, ఆరడుగుల ఈయన వెనక దూరారు. ఆవిడ ముందు సీట్లో కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. మామగారి కాలంలో ఆ సీటు ఆయన స్నేహితుడిదో, ఆయన సంచీదో. తర్వాత కొడుకుది. నా పక్కన ఎవరూ లేకపోయినా అలవాటుకొద్దీ వెనకే ఎక్కేవారు. సీటు బెల్టు పెడుతుంటే, "ఇక్కణ్ణుంచి రోడ్డంతా మన మీదకే వస్తున్నట్టుందే!" అన్నారు. భయంతో కాదు.

టాపు తీశాను. రెండో గేరు, మూడో గేరు. ఇంజను నా పాదానికి జవాబు చెప్పింది. ఇన్నాళ్ళూ యాక్సిలరేటర్ మీంచి లేవడమే పని ఆ పాదానికి. నొక్కితే ఏమవుతుందో తెలుసుకోవడానికి నొక్కాను. కారు ముందుకి దూకింది, మలుపులో రోడ్డుని పట్టుకుని తిరిగింది, అత్తయ్య కొంగు జెండాలా లేచింది. నా నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. అది కేక అని తర్వాత తెలిసింది. పక్కనుంచి ఇంకో కేక. ఇద్దరం ఒకరినొకరం చూసుకుని పగలబడి నవ్వాం.

వెనక ఈయన మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఏదో అంటున్నారు. గాలికి వినపడలేదు.

"ఏంటండీ?"

"మైలేజీ ఎంతా అంటున్నా!"

"ఒరేయ్, కాసేపు నోరు మూసుకోరా," అన్నారు అత్తయ్య.

మైలేజీ ఎంతో ఆ అమ్మాయి దాచకుండానే చెప్పింది. బూడిదరంగుది ఇరవై రెండు దాకా ఇస్తుంది, నిమ్మపండుది పదిహేను దాటడం కష్టం. ఈయన నావైపు చూసిన చూపులో, ఇక చెప్పేదేముంది అని ఉంది. ఇంటికొచ్చే దారంతా పిడుగు కూడా, "ఎక్కువ తాగే కారంటే ఎక్కువ పొగ కదమ్మా?" అని గొణిగింది. ఈయన చూపుకి చిరాకు పడగలను గానీ దాని మాట తీసెయ్యలేను. నేను దుబారా మనిషిని కాను. చివరి చుక్కదాకా షాంపూ సీసాలో నీళ్ళు పోసి ఊపేదాన్ని. నాకొక కారు నచ్చినందుకు మిగతావాళ్ళు పొగ పీల్చాలంటే నా మనసే ఒప్పుకోదు.

ఆదివారం బట్టలు మడతపెడుతూ ఆలోచించాను. నాకు ఆలోచనలు మడతల దగ్గరే వస్తాయి. దుప్పటి నిలువుగా మడిచి, అడ్డంగా మడిచి, మూల మూలకి తెచ్చేసరికి, ఎంతసేపూ మనం లెక్కలో ఒక మూలే పట్టుకున్నామని తోచింది. లీటరుకి ఎంత దూరం అని అందరూ అడుగుతారు. ఆ దూరం ఎందుకని ఎవరూ అడగరు. పోయిన నెల నేను తిరిగిన దారులన్నీ కళ్ళముందు వేసుకున్నాను. స్కూలు దగ్గరే. మోకాళ్ళ డాక్టరు దగ్గరే. సరుకులు వీధి చివరే. మరి అన్ని కిలోమీటర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? దుప్పటి చేతిలో ఉండగానే నాకు నవ్వొచ్చింది. మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచి, సరిచూసుకున్నాను. లెక్క తప్పలేదు.

భోజనాల దగ్గర అందరూ కూర్చున్నాక చెప్పాను. "నిమ్మపండు కారే తీసుకుందాం. పెట్రోలు ఆ బూడిదరంగు దానికంటే ఎక్కువ అవదు."

"ఎలా అవదు? నీళ్ళు పోసి నడుపుతావా?"

"పోయిన నెల మీ కళ్ళజోడుకి రెండుసార్లు ఆఫీసుకొచ్చాను. చార్జరుకి ఒకసారి. మీటింగు ఫైలుకి ఒకసారి, అది తీరా మీ సంచిలోనే ఉంది. లంచ్ బాక్సు మర్చిపోయిన రోజు వచ్చాను, ఆ రోజు మీరు క్యాంటీన్‌లో తినేశారు. బావగారి కుక్కరు పార్సిలు స్టేషన్లో ఇచ్చాను, మర్నాడు అందులో పెట్టడం మర్చిపోయిన మూత ఇవ్వడానికి మళ్ళీ వెళ్ళాను. పిడుగు బూట్లకి మూడుసార్లు స్కూలుకి. మనం తిరిగిందాంట్లో మూడోవంతు మర్చిపోయినవాటి కోసం. ఆ మూడోవంతు మానేస్తే, పదిహేనిచ్చే బండి తాగేదీ, ఇరవై రెండిచ్చే బండి తాగేదీ ఒకటే."

పిడుగు పళ్ళెంలో వేలితో భాగహారం చేసింది. "నాన్నా, నిజమే. ఇంకా కొంచెం తక్కువే."

ఈయన ముద్ద కలపడం ఆపారు. "ఇవన్నీ గుర్తుపెట్టుకు కూర్చున్నావా?"

"నేను గుర్తుపెట్టుకోబట్టే కదండీ మీరు మర్చిపోగలుగుతున్నారు."

కోపంగా అనలేదు. ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగానే వచ్చింది ఆ మాట. అన్నాక నాకే ఆశ్చర్యమేసింది, ఇంత తేలిగ్గా ఉండే మాటని ఇన్నేళ్ళు ఎందుకు మోశానా అని.

"అంటే ఏంటి, నిజంగా ఏదన్నా మర్చిపోతే తేవా?"

"తేను."

"కళ్ళజోడైనా?"

"ఇంకోటి చేయించుకుని ఆఫీసులో పెట్టుకోండి. ఆ బల్లకి సొరుగుందిగా, నేనే ఎన్నిసార్లు సర్దానో."

అత్తయ్య మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. ఆవిడ ఏమంటారోనని, అందుకోబోతున్న కూర గిన్నె అక్కడే ఉంచి అటు తిరిగాను. కొడుకుని ఒక మాటంటే ఊరుకునే మనిషి కాదు. ఆవిడ మాత్రం కొడుకునే చూస్తూ, "మీ నాన్న తాళాలు మర్చిపోతే, ఎండలో నడిచెళ్ళి ఇచ్చొచ్చేదాన్నిరా. తెచ్చావా అనేవాడు తప్ప, ఎలా వచ్చావని ఒక్కసారి అడగలేదు," అన్నారు. గ్లాసు మళ్ళీ అందుకుంటూ, "నాకా ముందు సీటు బాగుంది," అన్నారు.

ఈయన నన్నూ, వాళ్ళమ్మనీ, కూతుర్నీ మార్చి మార్చి చూశారు. మైలేజీ మీద నమ్మకమున్న మనిషి, లెక్క సరిగ్గా ఉంటే కాదనలేరు, అది ఆయనలోని మంచితనమే. "వెనక నేను కూర్చోలేను, చెప్తున్నా," అన్నారు ఆఖరికి.

"మీకు ఆఫీసు బస్సుందిగా," అన్నాన్నేను. ఈసారి ఈయన కూడా నవ్వారు.

కారు వచ్చింది. మొదటి వారం రెండుసార్లు ఫోను మోగింది, రెండుసార్లూ తేనని చెప్పాను. మొదటిసారి ఈయన ముభావంగా ఇల్లు చేరారు. రెండోసారి పక్క బల్ల అతని కళ్ళజోడుతో నెట్టుకొచ్చానని తనే చెప్పి నవ్వారు. ప్రపంచం తన దారిన తను తిరుగుతూనే ఉంది. పిడుగు బూట్లు రాత్రే సంచికి వేలాడదీస్తోంది.

నిన్న మోకాళ్ళ డాక్టరు దగ్గర్నుంచి వస్తుంటే, కొత్తగా వేసిన రోడ్డు ఖాళీగా కనిపించింది. అత్తయ్య నా చేతినే చూస్తున్నారు.

"ఆ కర్ర ఎందుకు అస్తమానం కదుపుతావు?"

"గేరు అత్తయ్యా. వేగం మారినప్పుడల్లా మార్చాలి."

ఇంకో రెండుసార్లు నా చెయ్యి కదలడం చూశారు. తర్వాత, చిన్నపిల్ల అడిగినట్టు, అటు తిరిగి అడిగారు. "ఒక్కసారి నేను మార్చనా?"

ముందూ వెనకా ఎవరూ లేరు. ఆవిడ చెయ్యి గేరు మీద పెట్టించి, దానిమీద నా చెయ్యి వేశాను. అరవై ఏళ్ళు దాటిన చెయ్యి, వేళ్ళ కణుపులు గట్టిగా, అరచెయ్యి మెత్తగా. క్లచ్ తొక్కి, "ఇప్పుడు పైకి నెట్టండి," అన్నాను. నెట్టారు. టక్కున మూడో గేరు పడింది. క్లచ్ వదిలాను, కారు ఒక ఊపు ఊగి సాఫీగా సాగింది. ఆవిడ చెయ్యి తీయలేదు. ఎదర రోడ్డు వైపే చూస్తూ అడిగారు.

"ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయత్తయ్యా. ఇంకో రెండున్నాయి."