ఏడో నంబరు వాన

తిరుపతిలో గర్భగుడి తర్వాత అంత మడి పాటించేది వరద హెచ్చరికల ఆఫీసులోని కంప్యూటర్ గదిలోనే. చెప్పులు బయట విడవాలి, కాఫీ లోపలికి తేకూడదు, గట్టిగా తుమ్మకూడదు. ఆ చల్లటి గదిలో కూర్చుని మునిలక్ష్మి ఫోర్‌ట్రాన్ అనే కంప్యూటర్ భాషలో ఉన్న పాత ప్రోగ్రామును కోబాల్ అనే మరో భాషలోకి మారుస్తోంది. కొండల మీది ఊళ్లలో కురిసిన వాన కూడి, వంక పొంగేలా ఉంటే దిగువ పల్లెలకు హెచ్చరిక అచ్చువేయడం దాని పని.

ఒక్క తుపానులో మాత్రం అది నోరు విప్పలేదు. కార్వేటినగరం అవతల వంక పొంగి ఒక పల్లెను ఊడ్చుకుపోయింది. విచారణలో అచ్చుకాగితం చూపించారు: ఏడో నంబరు కేంద్రం, వాన సున్నా. ఆ కేంద్రంలో రోజూ వాన కొలిచి ఫోనులో చెప్పే ఓబయ్య కూడా ఆ నీళ్లలోనే పోయాడు. కొలవకుండానే సున్నా చెప్పి ముసుగుతన్ని పడుకున్నాడని ఊరంతా దుమ్మెత్తిపోసింది. అప్పట్లో తిరుపతి హాస్టల్లో చదువుతున్న మునిలక్ష్మి కూడా అదే నమ్మింది. ఓబయ్య ఆమె నాయన. ఎవరైనా ఆయన మాట ఎత్తితే చాలు, అమ్మ దేవకమ్మ విసురుగా లేచిపోయేది. ఎనిమిదేళ్లుగా అంతే.

ఇప్పుడు రోజువారీ వాన లెక్కలు కన్నాలుగా కొట్టి ఉన్న పాత అట్టకార్డులన్నీ కొత్త ప్రోగ్రాముకు పెట్టి, పాత అచ్చూ కొత్త అచ్చూ ఒకటేనని చూపాలి. ఆ తుపాను రోజుల కట్టను ఆమె యంత్రంలో పెట్టింది. యంత్రం గడగడా కార్డులు మింగుతూ పోయి, ఠక్కున ఆగింది. మళ్లీ మొదటినుంచి పెట్టింది. మళ్లీ ఆ కార్డు దగ్గరే ఆగింది. వీపు వెనక ఎవరో తడిబట్టలతో నిలబడ్డట్టు అనిపించి, తిరిగి చూడడానికి జంకింది.

కార్డు తీసి వెలుతురుకు పట్టింది. తేదీ దగ్గర కన్నాలున్నాయి. కేంద్రం నంబరు ఏడు దగ్గరా ఉన్నాయి. వాన దగ్గర మాత్రం ఉత్త అట్ట.

అంకె లేకపోతే ఆగమని కోబాల్‌లో ఆమే రాసింది. పాత ప్రోగ్రాముకు ఆ పట్టింపు లేదు, ఖాళీని కూడా సున్నాగానే చదివి ముందుకు పోయేది. అంటే ఆ ఉదయం ఫోను రాలేదు, కార్డు కొట్టినవాళ్లు ఆ చోటు వదిలేశారు. సున్నా అన్నది యంత్రం.

ఆఫీసరు దేవనాథన్ వచ్చి, ఖాళీని సున్నా చేసే ఒక్క లైను రాసేస్తే రెండు అచ్చులూ కలిసిపోతాయి కదా అన్నాడు. మునిలక్ష్మి కార్డు ఆయన చేతిలో పెట్టింది.

"కలపను సార్. మా నాయన సున్నా అన్లేదు. ఆ పొద్దు ఆయన ఫోనే చెయ్యలేదు. ఈ ఒక్క రోజు ఎందుకు కలవదో నేను రాసిస్తా."

దేవనాథన్ ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. "విచారణకు ఆ కాగితం తీసకపోయింది నేనేనమ్మా," అన్నాడు. "నా పేరు గూడా రాయి."

సాయంత్రం ఇంటికి వెళ్లి మునిలక్ష్మి సంతోషంగా అమ్మకు అంతా చెప్పింది. దేవకమ్మ చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు.

"తెల్లారకముందే వాన కొలిసేదానికని గొడుగేసుకోని పోయినాడు. తిరిగి రాలేదు. నన్ను ఎవురడిగినారు? నువ్వు గూడా అడగలేదు కదమ్మా."