బొడ్డు మీద మసి

పెరట్లో కాళ్ళు బారజాపుకుని కూర్చున్న చిన్నమ్మలు, పిల్లాణ్ణి కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి వీపుకి నూనె పట్టిస్తోంది. పక్కనే బకెట్టులో వేడినీళ్ళు చన్నీళ్ళతో తొరిపి ఉన్నాయి. ఉప్పలగుప్తం చుట్టుపక్కల పసిబిడ్డకి నీళ్ళు పోయాలంటే ఆవిడే రావాలి. మనిషి పొట్టి, నోరు మాత్రం పెద్దది. నీళ్ళలో నానీ నానీ వేళ్ళ కణుపులు ఉబ్బిపోయాయి. ఆ చేతుల మీద పెరిగినవాళ్ళు ఇవాళ రొయ్యల చెరువుల గట్ల మీద మోటారు సైకిళ్ళు వేసుకుని దర్జాగా తిరుగుతున్నారు. ఆవిడ ముందు నోరెత్తమనండి చూద్దాం.

ఇల్లు జ్ఞానమ్మది. రిటైరైన టీచరు. పిల్లాడు ఆవిడ కూతురి కొడుకు. తల్లి శారోను, ఆపరేషన్ కుట్లు ఇంకా మానక, గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తోంది. ఒకప్పుడు ఆ శారోనుకీ చిన్నమ్మలే నీళ్ళు పోసింది.

పిల్లాడి నెత్తిన చెంబుడు నీళ్ళు పడ్డాయి. వాడు ఏడవలేదు.

"మా బుడ్డోడు బుద్ధిమంతుడైపోయేడు," అని మురిసిపోయింది జ్ఞానమ్మ.

చిన్నమ్మలు మురవలేదు. ఒంటి మీద నీళ్ళు పడితే వీధి వీధంతా లేపే ఘటం వీడు. వెల్లకిలా తిప్పింది. చేతులు గుడ్డపీలికల్లా వాలిపోయాయి. నూనె రుద్దిన వేడి అనుకుంది గానీ, ఒళ్ళు కాలుతోంది. బొడ్డు చుట్టూ నల్లగా మసి. కొబ్బరిచిప్ప కాల్చి, మెత్తగా నూరి, కొబ్బరినూనెలో కలిపిన మసి. బొడ్డు తొందరగా ఎండుతుందని చిన్నమ్మలు తన చేత్తో పెట్టిందే. ఆవిడ అమ్మ పెట్టేది, ఈవిడా పెడుతోంది. ఊరి నర్సు హేమ వచ్చి బొడ్డుకి ఏమీ రాయొద్దండీ, పొడిగా వదిలెయ్యండని చెప్పి వెళితే, "పెళ్ళైనా కాని పిల్ల, దానికేం తెలుసు," అని నవ్వేసింది.

తడిగుడ్డతో మసి తుడిచింది. కింద చర్మం ఎర్రగా కంది, వాచి ఉంది. ఒంగి వాసన చూసింది. కుళ్ళు కంపు.

"పాలు ఎప్పుడు తాగేడమ్మా?"

"పొద్దుట్నుంచీ పట్టుకోవట్లేదత్తా. నిద్రమత్తనుకున్నాను," అంది శారోను.

నలత చేసింది, సాయంత్రానికి తేరుకుంటాడు అంటే ఆ ఇంట్లో కాదనేవాళ్ళు లేరు. ఇన్నాళ్ళ పేరు చెక్కుచెదరదు. పిల్లాడు మాత్రం దక్కడు. చిన్నమ్మలు వాణ్ణి పొడిగుడ్డలో చుట్టి లేచింది.

"జ్ఞానమ్మగారూ, ఆటో పిలవండి. అమలాపురం పోదాం."

"ముందు హేమని పిలుద్దామే."

"ఆయ్, పిలుద్దురుగాని. ఆటోలో కూచుని ఫోన్ చెయ్యండి."

పిల్లల ఆసుపత్రిలో డాక్టరు బొడ్డు చూసి, "దీనికేం రాసేరండి?" అని అడిగాడు. జ్ఞానమ్మ చిన్నమ్మలు వైపు చూసి, చూపు తిప్పుకుంది.

"కొబ్బరిచిప్ప మసండి. నేనే పెట్టేను," అంది చిన్నమ్మలు. మాట తడబడలేదు.

ఆయన తిట్టలేదు. "ఈ చీము రక్తంలోకి ఎక్కితే పిల్లాడు నిలవడం కష్టమండి. వేళకి తెచ్చేరు, నయం. మందు ఎక్కించినంతసేపూ దగ్గర ఒక ఆడమనిషి ఉండాలి."

జ్ఞానమ్మ ముందుకొచ్చింది. కుట్ల నొప్పితోనే వెంట వచ్చిన శారోను, ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వు కంగారుపడతావమ్మా. చిన్నమ్మలత్తని వెళ్ళనీ."

"ఇదంతా దాని వల్లే కదే."

"చూసి తెచ్చింది కూడా అత్తే."

లోపలి గది ముందు సింకు ఉంది. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోమంది నర్సు. గాజులు కూడా తియ్యమంది, వాటి కింద మురికి దాక్కుంటుందట. మొగుడు భీమరాజు ఇంట్లో గుండ్రాయిలా ఉండగా బోసిచేతులేమిటని, ఇంకోరోజైతే ఆ నర్సుకి నాలుగు పెట్టేది. ఇవాళ సబ్బు రాసుకుని ఒక్కొక్కటే లాగి పక్కన పెట్టింది.

గాజుపెట్టెలో పడుకోబెట్టిన పిల్లాడి అరికాలు మీద చెయ్యి వేసి కూర్చుంది. సీసాలోంచి మందు బొట్టు బొట్టుగా దిగుతోంది. భోజనం వేళ దాటింది, ఆకలే తెలియలేదు. పొద్దు వాలుతుండగా నర్సు సూది సర్ది కట్టు బిగించబోతే, పిల్లాడు మొహం చిట్లించి కేర్‌మన్నాడు. చిన్నమ్మలుకి ఏడుపు ఆగలేదు.

"బానే తట్టుకుంటున్నాడండి. కొన్నాళ్ళు ఇక్కడే ఉంచాలి," అన్నాడు డాక్టరు.

ఆవిడ బయటికొచ్చి శారోనుతో ఆ మాట చెప్పి, కొంగు దోపుకుంది.

"వెళ్తానమ్మా. పొద్దున్న మీ ఇంటికొచ్చేముందు పాపారావుగారి మనవరాలికీ నీళ్ళు పోసి, ఆ మసే పెట్టొచ్చేను."

"ఫోన్ చెయ్యకపోయేవా అత్తా?"

"చేసేను. నువ్వే కదా పెట్టేవు, వేళాకోళమా అని నవ్వేరు. కడిగేసి, చూసి, ఆ పాపకీ ఇలాగే కంది ఉంటే ఇక్కడికే తీసుకొస్తాను."

జ్ఞానమ్మ మెట్ల దాకా వెనకే వచ్చింది. "రేపు పొద్దున్నే వచ్చెయ్యి. పిల్లాడి దగ్గర నువ్వుంటేనే నాకు ధైర్యం," అంది.

చిన్నమ్మలు ఆయ్ అని, పరుగులాంటి నడకతో బస్సు అందుకుంది. సింకు గట్టు మీద ఆకుపచ్చ మట్టిగాజులు నాలుగు, సబ్బునురగ ఆరి, ఒకదాని మీద ఒకటి అలాగే ఉన్నాయి.