తాడు తెగిన సంగతి

నేను ఒక కెమెరాను. మెడలో వేసుకోవడానికి తోలుపట్టీ, పక్కన ఫ్లాష్ బల్బు పెట్టే మెరుపు పళ్ళెం, ఎండలోనైనా నీడలోనైనా తడబడని కన్ను, ఇవీ నా ఆస్తులు. పుట్టింది జర్మనీలో. మద్రాసులో ఒక పత్రికా ఫోటోగ్రాఫరు దగ్గర చాలాకాలం కొలువు చేశాను. మంత్రుల మెడలో దండల్నీ వరద నీళ్ళలో ఇళ్ళనీ ఒకే శ్రద్ధతో చూశాను. ఆయన కొత్త కెమెరా కొనుక్కుని నన్ను మూర్ మార్కెట్టులో వదిలించుకున్నాడు. కోడంబాకంలోని ఒక స్టూడియో వాళ్ళు నన్ను తెచ్చి, సామాన్ల గదిలో అట్ట కిరీటాల పక్కన పెట్టారు. సినిమాలో కనిపించే కెమెరాకి చూపుతో పనిలేదట. నాలో ఫిల్ము వేసే నాథుడే లేడు.

అప్పుడు ‘చతుర విలేఖరి’ అనే బొమ్మ మొదలైంది. ఒక పత్రికలో పనిచేసే అమ్మాయి సంపాదకుడి చేత చీవాట్లు తింటూనే నగల దొంగల వెంటపడుతుంది. పూలమ్మి వేషం వేస్తుంది, ట్రంకుపెట్టెలో దాక్కుంటుంది, మేడల మీంచి దూకుతుంది, చివరికి దొంగ ముఖాన ఫ్లాష్ కొట్టి పట్టిస్తుంది. ఇలాంటి బొమ్మలంటే జనం పడిచచ్చే రోజులవి. విలేఖరి వేషం హైమవతిది. ఆమె మెడలో నేను.

హైమవతి తెనాలి నాటకాల్లోంచి వచ్చిన మనిషి. నవ్వించడంలో దిట్టే కాని, నిచ్చెన రెండు మెట్లెక్కితే కళ్ళు తిరిగేవి. అందుకని దూకుళ్ళన్నీ గంగారత్నం చేసేది. ఆమె నెల్లూరు వైపు మనిషి, సర్కసులో ఊయలలెక్కి బతికింది. హైమవతి కట్టిన చీరలాంటిదే కట్టుకుని, నన్ను మెడలో వేసుకుని, ముఖం కనబడకుండా దూకేది. చప్పట్లు మాత్రం ముఖం ఉన్నవాళ్ళకే దక్కుతాయి. మనుషుల లోకంలో ఇది ఎవరికీ వింతగా తోచదు.

ఆ ఉదయం మేడ సెట్టు మీంచి తాడు పట్టుకుని ఎదుటి కప్పు మీదికి ఊగాలి. ఎక్కబోయే ముందు గంగారత్నం తాడు లాగి చూసి, ఇది పాతబడిందని ప్రొడక్షన్ మేనేజరు గోవర్ధనరావుతో చెప్పింది. ఒక్క షాటుకి ఏమీ కాదు, ఎక్కమన్నాడాయన. పక్కనే ముఖానికి రంగు సరిచేయించుకుంటున్న హైమవతి ఆ మాటలు విన్నది.

సగం దూరం ఊగేసరికి పైన పుటుక్కుమన్నది. గంగారత్నం రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయి. ఆ తాడుతో సహా కింద పడ్డాం. నా మూల ఒకటి సొట్టపోయింది. ఆమె కాలు తొడ దగ్గర విరిగింది. అరవలేదు. పళ్ళు బిగించి, కళ్ళు మాత్రం పైకెత్తి తాడు తెగిన చోటుకేసి చూసింది.

ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళాక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గోవర్ధనరావు నన్ను చేతిలోకి తీసుకుని సొట్ట చూపించాడు. కెమెరా జారిపోతుంటే పట్టుకోబోయి ఆమే తాడు వదిలేసిందని చెప్పాడు. నేరం నా మీద పడింది. నోరులేని వస్తువు కదా, ఎవరికైనా అనుకూలంగానే ఉంటుంది. ఇన్‌స్పెక్టరు మర్నాడు మళ్ళీ వచ్చి అందరి వాఙ్మూలాలూ తీసుకుంటానని వెళ్ళాడు.

హైమవతి మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళి నేరుగా స్టూడియోకి తిరిగివచ్చింది. స్టిల్ ఫోటోలు తీసే దైవసహాయాన్ని మూలకి పిలిచి, నాలో ఒక ఫిల్ము చుట్ట వేయమని అడిగింది. ఆయన ఆమె ముఖంలోకి చూసి, ఏమీ అడగకుండా వేశాడు. చాలా ఏళ్ళ తర్వాత నా కడుపు నిండింది.

ఇన్‌స్పెక్టరు రాకముందే పక్కకి లాగేసిన తెగిన తాడు సెట్టు వెనక కుప్పగా పడి ఉంది. ఒక కూలీ దాన్ని బాయిలరులో కాల్చేయడానికి చుట్టచుడుతున్నాడు. ఇటు షాటు సిద్ధమైంది: విలేఖరి కిటికీలోంచి దొంగని ఫోటో తీయాలి. దర్శకుడు ‘స్టార్ట్’ అన్నాడు. హైమవతి దొంగ వేషగాడిని దాటి, సెట్టు వెనక్కి నాలుగడుగులు వేసి, వంగి నన్ను నొక్కింది. ఫ్లాష్ భగ్గుమంది. చివికిన పీచు, నల్లగా కుళ్ళి తెగిన కొస, అంతా నా లోపలికి వచ్చింది.

దారి తప్పానని ఆమె నాలిక కరుచుకుంటే అందరూ నవ్వారు. గోవర్ధనరావు నవ్వలేదు. దగ్గరకొచ్చి చెయ్యి చాచాడు.

“ఇలా ఇవ్వండమ్మా, సామాన్ల గదిలో పెట్టిస్తాను.”

“తర్వాతి షాటులోనూ నా మెడలో ఉండాలి కదండీ.”

“ఖాళీ డబ్బాయే కదా. అంత భద్రమెందుకు?”

అని నా పట్టీ పట్టుకుని, వెనక తలుపు గొళ్ళెం తీశాడు. స్టూడియో దీపాల వెలుగంతా ఒక్కసారిగా నాలోకి దూకింది. నేను చూసినదంతా ఆ క్షణంలోనే తుడిచిపెట్టుకుపోయింది. ఫిల్ము బయటికి లాగి పొట్టు తీసినట్టు తీసి, నన్ను ఆమెకి తిరిగిచ్చాడు. ఆమె సెట్టు వెనక్కి తిరిగి చూసింది. అక్కడ తాడు కూడా లేదు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు సెట్టులో అందరూ వరసగా నిలబడ్డారు. గోవర్ధనరావు నిన్నటి కథే చెప్పాడు. ఇంకెవరైనా చెప్పేదుందా అని ఇన్‌స్పెక్టరు అడిగాడు. దీపాల వాళ్ళు నేలచూపులు చూశారు. హైమవతి నన్ను మెడలోంచి తీసి కుర్చీలో పెట్టింది. నిర్మాత ఆమె వైపే చూస్తున్నాడు. ఇంకో రెండు బొమ్మలకి ఆమెతో మాట్లాడుకున్నవాడు.

“తాడు పాతదని గంగారత్నం చెప్పిందండీ. నేను విన్నాను. ఎక్కమన్నది ఈయన.”

“ఆధారం ఉందా అమ్మా?”

“ఉండేది. తీసేశారు. నా మాట ఉంది, అది రాసుకోండి.”

ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. అప్పుడు దైవసహాయం ముందుకొచ్చి, ఫిల్ము వేసింది తానేనని, గోవర్ధనరావు దాన్ని వెలుతురుకి పట్టి పాడుచేయడం కళ్ళారా చూశానని చెప్పాడు. తర్వాత తాడు చుట్టిన కూలీ, ఆపైన దీపాల వాళ్ళలో ఇద్దరు నోరు విప్పారు. గోవర్ధనరావు నుదురు తుడుచుకున్నాడు.

వాఙ్మూలాలు పూర్తయ్యాక నిర్మాత పిలిపిస్తే హైమవతి ఒకటే అడిగింది. గంగారత్నం పేరు టైటిళ్ళలో వేయాలి, వేయనంటే క్లైమాక్సు చెయ్యను. డూపు పేరు వెయ్యడం ఎక్కడైనా విన్నామా అని ఆయన గింజుకున్నాడు. బొమ్మ మూడొంతులు అయిపోయింది గనక ఒప్పుకున్నాడు. ఆ రెండు బొమ్మలూ మాత్రం వేరే అమ్మాయికి వెళ్ళిపోయాయి.

గోవర్ధనరావు మీద కేసు నడిచింది. గంగారత్నం కాలు అతుక్కుంది కాని కురచైంది. మళ్ళీ ఎగరలేదు.

విడుదల రోజున పబ్లిసిటీ కోసం హైమవతి నన్ను మెడలో వేసుకుని బెజవాడ థియేటరుకి వచ్చింది. పక్క సీటులో కర్ర ఆనించుకుని గంగారత్నం. ఆమెకి చదువు రాదు. దీపాలు ఆరి, తెర మీద పేర్లు దొర్లుతుంటే హైమవతి ఆమె చెవిలో చదివింది: “సాహస విన్యాసాలు, గంగారత్నం.”

జనం ఇంకా సీట్లు వెతుక్కుంటున్నారు, వేరుశనక్కాయలు నములుతున్నారు. ఆ పేరుని ఎవరూ చూడలేదు. కాసేపటికి బొమ్మలో విలేఖరి మేడ మీంచి దూకింది. హాలు హోరెత్తింది. చీకట్లో గంగారత్నం కుంటికాలు సవరించుకుని, హైమవతి వైపు వంగింది.

“ఏందమ్మా, ఆ పేరు ఇంతలోనే పొయ్యింది. ఇంకో ఆటకి కూడా కూసుందామా?”

ఇద్దరూ కదలకుండా కూచున్నారు. నేనూ రెండు ఆటలు చూశాను.