హెల్మెట్టా, కళ్లద్దాలా

ఇందుమతికి రోజుకు మూడు గ్లాసుల నీళ్లు. అంతకు మించి ఒక్క గుక్క కూడా ఎక్కువ కాకూడదని విశాఖలో డాక్టరు చెప్పిన నాటినుంచి, సూర్యం ఇంట్లో చెంబులూ బిందెలూ ఆమె కంటికి ఆనని చోటికి వెళ్లిపోయాయి. కానీ దాహం కంటితో పుట్టేది కాదు. వేసవిలో కాశీబుగ్గ వీధుల్లో తారు కరుగుతుంటే, ఆమె పెదవులు తడుపుకుంటూ గోడకేసి చూస్తూ కూర్చునేది.

సూర్యానికి బస్టాండు వెనక సందులో టీవీలు బాగుచేసే కొట్టు ఉంది. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఇందుమతి అతని భార్య, సొంత మేనమామ కూతురు. పుట్టిల్లు మందస అవతల, ఉద్దానం కొబ్బరితోటల మధ్య ఒక చిన్న ఊరు. ఆ ఊళ్లో ఆమె తండ్రి యాభై నిండకుండానే ఒళ్లు వాచి పోయాడు. ఆయన అన్నదమ్ములిద్దరూ అలాగే పోయారు. ఎందుకు పోతున్నారో అప్పట్లో ఎవరికీ తెలీదు. ఇరవై తొమ్మిదో ఏట ఇందుమతికి కాళ్లు వాచినప్పుడు మాత్రం, చెప్పకముందే ఆ ఇంట్లో అందరికీ తెలిసిపోయింది.

వారానికి రెండుసార్లు తెల్లవారుజామునే పక్కనున్న పలాసలో రైలెక్కి విశాఖ వెళ్లడం, రక్తం శుభ్రం చేయించుకుని తిరిగి రావడం. మిగతా రోజులు ఇంట్లో. అలాంటి ఒక రోజున, బాగుచేసిన టీవీ గేము పెట్టె పనిచేస్తుందో లేదో చూడమని సూర్యం ఆమె చేతికిచ్చాడు. గంట తర్వాత వెనక్కి వచ్చేసరికి ఆమె ఇంకా కార్లు తోలుతూనే ఉంది.

"బావా," అంది తల తిప్పకుండా, "ఇంతసేపూ నాకు నీళ్లు గుర్తు రాలేదు."

ఆ మాట సూర్యం మనసులో నాటుకుపోయింది. ఆ తర్వాత విశాఖ వెళ్లిన ప్రతిసారీ, ఆమె మంచం మీద మిషనుకు కట్టి ఉన్న నాలుగు గంటల్లో, అతను పాత ఎలక్ట్రానిక్సు సామాన్లమ్మే కొట్లన్నీ తిరిగేవాడు. రెండువేల నాలుగు వేసవిలో ఒక కొట్లో అతనికి ఆ కళ్లద్దాలు కనిపించాయి. అద్దాలుండాల్సిన చోట రెండు బుల్లి తెరలు. చెవి దగ్గర్నుంచి వైరు. పెట్టుకుంటే చీకట్లో ఎదురుగా పెద్ద సినిమా తెర వేలాడుతున్నట్టుంటుంది. ఒక కంటి తెర పనిచెయ్యలేదు. సూర్యం రెండ్రోజులు కూర్చుని దాన్ని వెలిగించాడు.

సరిగ్గా ఆ వారంలోనే దిలీప్ వచ్చాడు.

దిలీప్ ఇందుమతి తమ్ముడు. సింగపూర్ షిప్‌యార్డులో వెల్డరు. అక్కకు కిడ్నీ ఇస్తానని సెలవు పెట్టి వచ్చాడు. సూర్యం రక్తం ఆమెకు కలవలేదు. వాళ్ల దగ్గరే ఉంటున్న ఇందుమతి తల్లి నూకాలమ్మకు షుగరు. ఇక మిగిలింది దిలీప్ ఒక్కడే. ఇరవై ఆరేళ్లవాడు, ఇనుప రేకుల్ని మోసి మోసి గట్టిపడిన ఒళ్లు. అతన్ని చూడగానే ఇందుమతి ఏడవలేదు గాని, పొద్దున్నే జడ వేసుకోవడం మళ్లీ మొదలుపెట్టింది.

అతను తెచ్చిన సంచిలో ఒక హెల్మెట్టు ఉంది. అక్కడ ఎవరో కంప్యూటరు గేములవాడు వదిలించుకున్నదట. తలకు తగిలించుకుంటే కళ్లు పూర్తిగా మూసుకుపోతాయి. తల ఎటు తిప్పితే లోపలి బొమ్మ అటు తిరుగుతుంది.

"అప్పా, నీ కళ్లద్దాలు దీని ముందెందుకు పనికొత్తాయి?" అన్నాడు దిలీప్ అక్కతో. "ఇది ఏసుకుంటే రోడ్డు మీద కూకున్నట్టే ఉంటాది."

"కూకుంటే సాలదురా, కనబడాల," అంది ఇందుమతి.

అక్కడ మొదలైంది పోటీ. చిన్నప్పుడు జీడిపిక్కల ఆట దగ్గర ఎలా పోట్లాడుకున్నారో అలాగే. సూర్యం కొట్లోని పాత కంప్యూటరును ఇంట్లోకి తెచ్చి, దాన్నుంచి వచ్చే బొమ్మను రెండు వైర్లుగా చీల్చాడు. ఒకటి హెల్మెట్టుకు, ఒకటి కళ్లద్దాలకు. ఇద్దరికీ ఒకటే రోడ్డు, ఒకటే కారు. పరీక్షల కోసం దిలీప్‌ను విశాఖ తీసుకెళ్లి వచ్చాక, కాగితాలు చేతికి రావడానికి ఇంకా ఎనిమిది రోజులున్నాయి. ఆ ఎనిమిది రోజులూ ఇంట్లో అదే పని.

"వంతెన దాటగానే ఎడం పక్క బోర్డుంటాది. దాని మీద ఏటి రాసుందో సెప్పు," అనేది ఇందుమతి కళ్లద్దాల్లోంచి.

"బోర్డేది? నాకంతా బియ్యం ఆరబోసినట్టు గింజలు గింజలుగా ఉంది."

"నాకైతే అక్షరాలు కూడా కనబడతన్నాయి."

"అక్షరాలు సదువుకోడానికేటి గేము? నా ఎనకాల ఏటుందో నాను సూడగల్ను. నువ్వు సూడగలవా?" అంటూ దిలీప్ హెల్మెట్టుతో సహా తల గిర్రున తిప్పేవాడు. రెండింటికీ బొమ్మ ఒకటే కాబట్టి ఇందుమతి కళ్లముందు రోడ్డంతా తిరిగిపోయేది.

"ఒరే తిప్పకు. కడుపులో దేవుతంది."

దిలీప్ చటుక్కున ఆగిపోయేవాడు. కాసేపు రాయిలా కదలకుండా కూర్చునేవాడు. మళ్లీ ఆమే, "పర్లేదులే, మెల్లగా తిప్పు" అనేది.

సూర్యం లెక్క వేరు. అతనికి తెర ఎంత వెడల్పు, బరువెంత, నుదురు ఎంత వేడెక్కుతోంది అన్నవి ముఖ్యం. కానీ ఇందుమతి మాత్రం ఒక్కటే చూసేది: దేనితో ఎంతసేపు దాహం గుర్తు రాలేదు అని. హెల్మెట్టు పెట్టుకుంటే నీళ్లన్న మాటే మనసులోకి రాదు. కానీ పావుగంటకే మెడ పట్టేస్తుంది. కళ్లద్దాలతో గంట ఆడగలదు. కానీ ముక్కు పక్క సందులోంచి వంటగది గుమ్మం కనిపిస్తుంది, అది కనిపిస్తే గొంతెండిపోతుంది.

సూర్యం ఆ సందుకు నల్లగుడ్డ కుట్టాడు. తర్వాత నడింట్లో దూలానికున్న ఉయ్యాల కొక్కేన్ని చూశాడు. ఇల్లు కట్టినప్పుడు పెట్టించింది. పదేళ్లుగా దానికి ఎవరూ ఏమీ కట్టలేదు. దానిమీదుగా తాడు వేసి, ఒక చివర హెల్మెట్టు, రెండో చివర ఇసుక సంచి కట్టాడు. బరువంతా తాడు మీదకు పోయింది. ఇందుమతి దాని కింద కూర్చుని, తల అటూ ఇటూ తిప్పి చూసింది.

"అస్సలు బరువే లేదు బావా," అంది. ఆ రోజు ఆమె గంటన్నర ఆడింది. దిలీప్ తన హెల్మెట్టే గెలిచిందన్నాడు. గెలిచింది హెల్మెట్టు కాదు, తాడు అంది ఇందుమతి.

ఎనిమిదో రోజున సూర్యం ఒక్కడే విశాఖ వెళ్లాడు.

డాక్టరు కాగితాలు ముందు పెట్టుకుని మొదటినుంచి మళ్లీ ఒకసారి చూశాడు. "గ్రూపు కలిసింది. మిగతా మ్యాచింగూ బాగానే ఉంది," అన్నాడు చివరికి. "కానీ ఈ అబ్బాయి ఇచ్చేవాడు కాదండీ. మా దగ్గరకు రావలసినవాడు." వేలితో ఒక అంకె చూపించాడు. సూర్యానికి ఆ అంకె తెలుసు. ఇందుమతి కాగితాల్లో రెండేళ్ల కిందట మొదట కనిపించిన అంకె, దగ్గర దగ్గరగా, అదే.

"మొదట్లోనే తెలిసింది, అదే మేలు. మందులు వాడి, ఎండలో పని మానేసి, నీళ్లు బాగా తాగితే చాలా ఏళ్లు నెట్టుకురావచ్చు."

తిరుగు రైల్లో సూర్యం చెప్పాల్సిన మాటలు వరసగా కూర్చుకున్నాడు. ముందు దిలీప్‌ను పక్కకు పిలిచి చెప్పాలనుకున్నాడు. హరిశ్చంద్రపురం వచ్చేసరికి, లేదు, ముందు ఇందుమతికే చెప్పాలనుకున్నాడు. నౌపడ వచ్చేసరికి, ఇంకో వారం పడుతుందని అబద్ధమాడితే బావుండుననిపించింది. పలాసలో దిగాక అతనికి ఒక్క మాటా మిగల్లేదు.

ఇంట్లోకి అడుగుపెట్టేసరికి మధ్యాహ్నం మూడు. ఇద్దరూ నడింట్లో పక్కపక్కనే చాప మీద ఉన్నారు. ఇందుమతి తాడుకు వేలాడే హెల్మెట్టు కింద, దిలీప్ కళ్లద్దాలతో. ఇద్దరి కళ్లకూ తెరలు అడ్డంగా ఉన్నాయి గనక ఎవరూ అతన్ని చూడలేదు. ఆమె చేతిలో జాయ్‌స్టిక్ ఉంది. నవ్వుతోంది. ఈమధ్య ఆమె పళ్లు కనపడేలా నవ్వడం అతను చూడలేదు.

"అప్పా, లారీ వత్తంది. కుడికి కొయ్యి."

"నాకు తెల్సులే. నీకంటే ముందే సూసినాను."

సూర్యం గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆ ఆట అయ్యేదాకా ఆగుదామనుకున్నాడు. అది అయ్యాక వాళ్లు ఇంకోటి మొదలుపెట్టారు. అదీ అయ్యేదాకా ఆగాడు. వంటింట్లోంచి నూకాలమ్మ వచ్చి అతన్ని చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే ఆగిపోయింది.

ఇందుమతి హెల్మెట్టు పైకెత్తింది. నుదుటి మీద దాని అచ్చు ఎర్రగా పడి ఉంది.

"ఎప్పుడొచ్చినావు బావా?"

"ఇప్పుడే."

"అబద్దం. సెమట ఆరిపోనాది నీకు." అతని చేతిలో కవరు చూసి, "కలవలేదేటి?" అంది.

"కలిసింది," అన్నాడు సూర్యం. అది నిజమే. అందుకే నోట్లోంచి ముందుగా వచ్చేసింది.

దిలీప్ కళ్లద్దాలు లాగేసి అక్క చెయ్యి పట్టుకున్నాడు. నూకాలమ్మ గోడకానుకుని దేవుడికి దండం పెట్టింది. ఆ ఒక్క నిమిషం ఆ ఇంట్లో అందరూ బతికారు. ఆ నిమిషాన్ని తనే ఇచ్చాడు, తనే తీసెయ్యాలి. ఆ తర్వాత ఎన్నేళ్లకైనా సూర్యం తనను తాను క్షమించుకోలేనిది అదే.

"మరి నువ్వలగున్నావేటి?" అంది ఇందుమతి.

"దిలీప్‌కి కూడా ఉన్నాదట."

"ఏటున్నాది?" అన్నాడు దిలీప్.

"మీ నాయినకున్నదే. మొదట్లోనే ఉందట. మందులేసుకుంటే బయమేటీ లేదన్నాడు."

హెల్మెట్టు తాడు మీద మెల్లగా ఊగుతోంది. దిలీప్ తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, జబ్బు అక్కడెక్కడో కనిపిస్తుందన్నట్టు.

"మొదట్లోనే అంటన్నారు కదా బావా," అన్నాడు. "ఇంకా పాడవలేదు కదా. ఒకటి బేగి తీసీమను. అప్పకి కొన్నాళ్లైనా..."

"తీసుకోరట, దిలీపూ."

"నానిత్తానంటే ఆలకేటి?"

ఇందుమతి ఏడవలేదు. సూర్యం వైపు తిరిగి, "ఆడిని నీళ్లు తాగమన్నాడా, వద్దన్నాడా డాక్టరు?" అని అడిగింది.

"బాగా తాగమన్నాడు."

ఆమె గోడ పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్లింది. తనకు కనపడకుండా దాచిన బిందె ఎక్కడుందో ఆమెకు తెలుసు, అన్నాళ్లూ తెలుసు. చెంబు నిండా ముంచి తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది.

"తాగు."

"నాకొద్దప్పా."

"నా ఎదురుగుండా తాగు."

దిలీప్ తాగాడు. మధ్యలో రెండుసార్లు పొలమారింది. చెంబు ఖాళీ అయ్యేదాకా ఆమె అతని గొంతు కదలడం చూస్తూ నిలబడింది. అప్పుడు నూకాలమ్మ వెనక గదిలోకి పోయి తలుపేసుకుంది.

దిలీప్ సింగపూర్ వెళ్లలేదు. వెళ్తానంటే ఇందుమతి ఊరుకోలేదు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేరి, సాయంత్రం కాగానే అక్క దగ్గరికి వచ్చేవాడు. దసరా నాటికి ఆమె కూర్చోలేకపోయింది. పడుకుని చూడటానికి కళ్లద్దాలే వీలుగా ఉన్నాయి.

"పడుకున్నోలకి ఇవే నయం," అంది దిలీప్‌తో. "నువ్వోడిపోయినట్టే."

"ఓడిపోయినాన్లే అప్పా," అన్నాడు.

తర్వాత తర్వాత తెర వెలుగు కూడా ఆమె కళ్లకు పడలేదు. దిలీప్ హెల్మెట్టు పెట్టుకుని ఆడుతూ, తనకు కనపడేదంతా పైకి చెప్పేవాడు. వంతెన దాటినాను, కుడిపక్క కొండ, ఎండగా ఉంది, ఎవలూ లేరు. ఆమె కళ్లు మూసుకుని వినేది. అప్పుడప్పుడు, "మెల్లగా పో" అనేది.

మాఘమాసంలో ఒక మంగళవారం, విశాఖ రైలు తిలారు దాటాక ఆమె సూర్యం భుజం మీద తల వాల్చింది. రాత్రంతా ఆయాసపడింది కదా, పడుకోనిద్దామని అతను కదలకుండా కూర్చున్నాడు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో ఎవరో దిగుతూ కాలు తొక్కినా ఆమె కదల్లేదు. అప్పుడు చెయ్యి పట్టుకుని చూశాడు. రైలు ఆగేది రెండు నిమిషాలే. ఆమెను ఎత్తుకుని దిగడానికి ఎదుటి సీట్లో ఉన్న కొబ్బరికాయల వ్యాపారి, అతని కొడుకూ సాయం పట్టారు.

ఎండాకాలం వచ్చాక టెక్కలి నుంచి ఒకతను కొట్టుకు వచ్చాడు. ఇక్కడ కళ్లకు పెట్టుకుని ఆడే గేము మిషన్లు రెండు రకాలున్నాయని విన్నాడట. ఇంట్లో పిల్లలకు కావాలి.

"రెండిట్లో ఏది మంచిదండీ?" అని అడిగాడు.

సూర్యం మెకానిక్కులాగే మొదలుపెట్టాడు. ఒకదాంట్లో బొమ్మ వెడల్పు, కానీ గరుకు. ఇంకోదాంట్లో చిన్నది, కానీ అక్షరాలు కనపడతాయి. ఇది బరువు, అది తేలిక. దేనితో ఎక్కువసేపు ఆడొచ్చు అని ఆ టెక్కలి మనిషి అడిగేసరికి సూర్యం లేచాడు. లోపలికి వెళ్లి రెండూ తెచ్చి, అట్టపెట్టెలో సర్ది అతని చేతిలో పెట్టేశాడు. వెల ఎంతని అతను అడుగుతున్నా వినిపించుకోకుండా, తిరిగి బల్ల ముందు కూర్చుని విప్పి ఉన్న టీవీలోకి తల దూర్చాడు.

ఆ నెలాఖరులో దిలీప్‌ను పరీక్షలకు విశాఖ తీసుకెళ్లాడు. అవే మెట్లు, అదే కిటికీ. కిటికీ వెనక ఉద్యోగి కొత్తవాడు. పేరు, వయసు, ఊరు రాసుకుని, తలెత్తకుండా అడిగాడు.

"పేషెంటుకి మీరేమవుతారు?"

రెండున్నరేళ్లుగా ఆ కిటికీ దగ్గర సూర్యం చెప్పిన జవాబు ఒకటే. అదే నోటిదాకా వచ్చింది. పక్కన దిలీప్ నేల చూస్తున్నాడు.

"బావనండి," అన్నాడు సూర్యం.

ఉద్యోగి రాసుకుని, అటుపక్క బల్ల మీద కూర్చోమన్నాడు. ముందు ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు. సగం మంది ఉద్దానం వాళ్లే, మాట వింటే తెలిసిపోతోంది. ఇద్దరూ వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నారు.