అత్తయ్య సర్కారు

ఫ్రిజ్ మెకానిక్ మంచివాడే, కోపం రానంతవరకు. వచ్చిందా, ఇల్లు పీకి పందిరేసేవాడు. మొన్న అతను విసిరిన స్టీలు గ్లాసు ఏడేళ్ల కూతురి చెవి పక్కనుంచి దూసుకుపోయి గోడకు తగిలింది. భార్య కేకలేయలేదు, ఏడవలేదు. ఇంకొక్కసారి ఇలా జరిగితే పిల్లని తీసుకుని వెళ్ళిపోతానని మామూలు గొంతుతో చెప్పింది. ఆ మామూలు గొంతుకే అతని గుండె జారిపోయింది.

"నేనేం చెయ్యను అత్తయ్యా? మా తాత అంతే, మా నాన్న అంతే. ఈ కోపం మా రక్తంలోనే ఉంది," అన్నాడు, తమతోనే ఉంటున్న అత్తగారితో. తప్పించుకోవడానికి అన్న మాట కాదది. నిజంగానే అలా నమ్మాడు, పాపం.

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగింది. "ఊరికే వేడెక్కిపోయే కంప్రెసరు వస్తే ఏం చేస్తావు బాబూ? దాని పుట్టుకే అంత అని పారేస్తావా?"

"పారెయ్యడమెందుకు? ఓవర్‌లోడ్ మారుస్తా. మోటారు బాగా వేడెక్కగానే అది కరెంటు ఆపేస్తుంది."

"మన ఇంటికీ అలాంటిదొకటి పెట్టుకుందాం. గొంతు పెంచినవాళ్ళు బయటికెళ్ళి మెట్ల మీద కూర్చోవాలి. పిలిచేదాకా లోపలికి రాకూడదు."

"వెళ్ళమని ఎవరు చెబుతారు?"

"నేను చెబితే నీకు ఇంకా మండుతుంది," అంది భార్య, కూతురితో వంటింట్లోంచి వస్తూ.

"అయితే నేను చెబుతాను," అంది అత్తగారు.

"అంటే ఇకనుంచి అత్తయ్య సర్కారన్నమాట," అని అతను నవ్వబోయాడు.

"సర్కారే. కానీ నేను అరిచినా నాకూ మెట్లే."

ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తమంటే కూతురు రెండు చేతులూ ఎత్తింది. అందరికన్నా చివర అతనూ ఎత్తాడు.

వారం తిరక్కుండానే పరీక్ష వచ్చింది. ఫ్రిజ్‌లో గ్యాసు నింపేటప్పుడు ప్రెషరు చూసే గేజి, కొత్తది, కూతురి చేతిలోంచి జారి అద్దం భళ్ళుమంది. అతనికి ఒళ్ళు మండిపోయింది. అరుస్తూనే చెయ్యి ఎత్తాడు.

"బాబూ, మెట్లు," అంది అత్తగారు.

ఎత్తిన చెయ్యి అచ్చం నాన్న చెయ్యిలాగే ఉంది. నాకు చెప్పడానికి ఈవిడెవరు అనుకున్నాడు. చెప్పమని ఒప్పుకున్నది తనే కదా అని మరుక్షణం గుర్తొచ్చింది. పళ్ళు నూరుకుంటూ బయటికి నడిచాడు.

పై అంతస్తు ఆయన దిగుతూ, "ఏంటండీ, తాళంచెవి మర్చిపోయారా?" అని అడిగాడు.

"లేదండీ, మా ఇంటి చట్టం," అన్నాడు ముఖం అటు తిప్పుకుని.

కూర్చోగా కూర్చోగా వేడి దిగింది. తన నాన్నకి అలా బయటికెళ్ళమని చెప్పగలిగినవాళ్ళు ఇంట్లో ఒక్కరూ ఉండేవాళ్ళు కాదు. అలా చెప్పే హక్కు ఆయన ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వొచ్చని ఆయనకి తెలిసినట్టు కూడా లేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతనికి నాన్న మీద జాలేసింది. కళ్ళు తుడుచుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. పిలుపు వచ్చిందనుకుని లేవబోయాడు. కూతురు మూతి ముడుచుకుని బయటికొచ్చింది.

"నాన్నని లోపలికి పిలవమని అమ్మమ్మ మీద అరిచాను," అంది. "కొంచెం జరుగు నాన్నా."

అతను జరిగాడు.