ఎడమకు తిరగని గ్లైడరు

కుట్టుమిషన్ల మెకానిక్‌కి ఓపిక ఎక్కువని పేరు. ఆ శనివారం మధ్యాహ్నం దాకా ఉండేది కూడా.

బల్సా అనే తేలికపాటి చెక్కతో ఆయన చేసిన గ్లైడరు, అంటే ఇంజను లేని బొమ్మ విమానం, ఉత్తరం కవరంత బరువుంటుంది. మర్నాడే పోటీ, బడి ఆటల హాల్లో; ఎక్కువసేపు ఎగిరిందే గెలుస్తుంది. నేరుగా పోతే గోడకి కొట్టుకుని పడుతుంది. గుండ్రంగా తిరుగుతూ దిగితేనే ఎక్కువసేపు గాల్లో ఉంటుంది. ఆయన బావమరిది ఆ బడిలోనే డ్రిల్లు మాస్టారు. తాళాలు తెచ్చి, సాయానికి తనూ నిలబడ్డాడు.

మెకానిక్ తోకమీది నిలువు పలక మీద వెచ్చగా ఊపిరి వదిలి, గోరుమందం ఎడమకి వంచి, వదిలాడు. అది తిన్నగా పోయి గోడకి తగిలింది. బావమరిది పరుగున వెళ్ళి తెచ్చాడు.

ఇంకాస్త వంచాడు. గోడే. ఎడమ రెక్క చివర మైనం ముద్ద అంటించాడు. గోడే. గాలి తోస్తోందేమోనని కిటికీలన్నీ మూయించాడు. ఉక్కపోత తప్ప ఫలితం లేదు.

"బావా, దీనికి ఎడమంటే పడదేమో," అన్నాడు బావమరిది.

"నువ్వు కాసేపు నోరు మూసుకో."

పద్నాలుగోసారి విసిరాక, మెకానిక్ ఈసారి తల తిప్పకుండా అది పడిన వైపే చూశాడు. బావమరిది గ్లైడరు తీసి, వేలు తడి చేసుకుని, తోక పలకని ఎంతో ముద్దుగా నిమిరి తిన్నగా చేస్తున్నాడు.

"ఏం చేస్తున్నావ్ రా!"

"గోడకి తగిలినప్పుడల్లా తోక వంకర పోతోంది బావా. నువ్వు చూసుకోవట్లేదని నేనే సరిచేసి తెస్తున్నా."

"ఎన్నిసార్లు?"

"ప్రతిసారీ," అన్నాడు, మెప్పు కోసం చూస్తూ.

మెకానిక్ నేలమీద చతికిలబడ్డాడు. "నువ్వు సాయానికొస్తే పని రెండింతలవుతుందని మీ అక్క పెళ్ళయిన కొత్తలోనే చెప్పింది. విన్నానా?"

పోయిన వంపంతా కలిపి మళ్ళీ వంచి వదిలాడు. ఈసారి గిర్రున తిరిగి ముక్కుతో నేలని పొడిచింది. రెక్కమీది మైనం తీయడం మరిచిపోయాడు. ఆ తప్పు తనదే కాబట్టి కోపం ఇంకా పెరిగింది. విరిగిన ముక్కు అతికించి, జిగురు ఆరేదాకా గ్లైడరుని బావమరిది చేతికి అందకుండా తనే పట్టుకుని కూర్చున్నాడు.

మైనం తీసేసి విసిరితే, గ్లైడరు ఎడమకి ఒరిగి, హాలంతా తొమ్మిది చుట్లు తిరిగి, నెమ్మదిగా దిగింది.

పోటీలో నాలుగో స్థానం వచ్చింది. ఇంటికొచ్చాక, "బావా నేనూ కలిసే సరిచేశామక్కా," అని బావమరిది చెప్పడం మొదలుపెట్టేసరికి, మెకానిక్ మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాడు.