ముక్కోపి మేడమ్ ల్యాబ్

శుక్రవారంలోగా గైడ్ దొరక్కపోతే, ఫిజిక్స్ పీహెచ్‌డీలో కొత్తగా చేరిన ఆ అమ్మాయి సీటు పోతుంది. ఏరికోరి అడిగిన పెద్ద ప్రొఫెసరేమో, "నా దగ్గర ఇప్పటికే ఇసకేస్తే రాలనంత మంది ఉన్నారమ్మా" అని నవ్వుతూనే తలుపు దాకా సాగనంపాడు. ఇక మిగిలింది ముక్కోపి మేడమ్ ఒక్కరే. ఆ పేరు పెట్టింది ఆవిడ స్టూడెంట్లే.

"దేవుడా, నీకేం తక్కువ చేశాను?" అని దారి పొడవునా దేవుడితో దెబ్బలాడుతూ అమ్మాయి ల్యాబ్ మెట్లు దిగింది.

గుమ్మంలోనే కేక వినబడింది.

"ఉత్త చేతులతో ముట్టుకున్నావా? బుద్ధి గడ్డి తిందా?"

లోపల ఓ సీనియర్ తల గోక్కుంటూ నిలబడ్డాడు. అతని ముందు ఉక్కు పాత్ర. అందులోని గాలినంతా పంపులు తోడెయ్యాలి. అవి గుర్రుమంటూనే ఉన్నాయి, మీటర్లో అంకె మాత్రం దిగనని మొరాయిస్తోంది. వేలి జిడ్డు ఇంత అంటినా చాలు, ఆవిరవుతూ లోపలి ఖాళీని ఖాళీగా ఉండనివ్వదు.

"గ్లౌజు చిరిగింది మేడమ్. తొందరలో అలాగే పట్టేసుకున్నా. ఎవరూ చూళ్లేదు గానీ, మీరు లీకు కోసం వెతుకుతుంటే మనసొప్పలేదు."

"వెతికి వెతికి నా నడుం విరిగింది. నిన్ననే చెప్పి ఏడవచ్చుగా!" అని తిడుతూనే మేడమ్ తనూ గ్లౌజులు తొడుక్కుంది. "పంపులాపు. మూత విప్పి, కడిగి, మళ్లీ వేడిచెయ్యాలి. వారం గోవిందా."

"కాఫీ తెమ్మంటారా మేడమ్?"

"లంచమా? పంచదార తక్కువ వెయ్యమను."

ఇద్దరూ నవ్వుకున్నారు.

అమ్మాయి గుమ్మంలోనే ఉండిపోయింది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసిన చోట ఎవరూ కేకలేసేవారు కాదు. తప్పు జరిగితే ఎవరూ చెప్పేవారూ కాదు. కోపం లేని గురువునిమ్మని ఇన్నాళ్లూ మొక్కుకుంది. ఆ కోరికే తప్పేమోనని ఇప్పుడు సందేహం వచ్చింది.

"ఎవరమ్మా నువ్వు?"

చెప్పింది. శుక్రవారం సంగతీ చెప్పింది.

"పెద్దాయన కాదంటే వచ్చావన్నమాట."

"అవును మేడమ్. ఇప్పుడైతే ఆయన పిలిచినా వెళ్లను."

"ఎందుకట?"

"ఇక్కడ తప్పు చెప్పుకుంటే తిట్లతో పోతుంది."

"ఆవిడ తిట్లకి సెలవులుండవు చెల్లీ!" అన్నాడు సీనియర్.

"మా అమ్మ దగ్గర పుట్టినప్పట్నుంచీ ట్రైనింగే అన్నయ్యా."

మేడమ్ నవ్వాపుకుంటూ, అమ్మాయి చేతిలోని సమ్మతి పత్రం కోసం చెయ్యి చాచబోయి, గ్లౌజు చూసుకుని ఆగిపోయింది.

"సంతకం ఎక్కడికీ పోదు, ఈ పూటే పెడతాను. ముందు ఆ పెట్టెలోంచి ఓ జత తీసుకో. చిరిగాయేమో చూసి మరీ తొడుక్కో."

పంపుల హోరు సద్దుమణిగింది. ముగ్గురూ తలో వైపు చేరారు. అమ్మాయి మూత అంచు పట్టుకుంది. అనుకున్నదానికంటే బరువుగానే ఉంది.